షామ్‌బర్గ్ చలిలో అక్కకి ఒక కోటు

జనవరిలో చికాగో వైపు సరదాగా వెళ్ళేవాళ్ళు తక్కువ. నేను వెళ్ళింది మా అక్క ఫోన్‌లో అన్న ఒక్క మాట వల్ల. అక్క పేరు పద్మజ. చికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్లకి సహాయకురాలిగా పనిచేస్తుంది. పొద్దున్నే పిల్లలు కార్లు దిగేటప్పుడు బయట నిలబడి, తలుపులు తీసి, ఒక్కొక్కరినీ లోపలికి పంపడం తన పనుల్లో ఒకటి. పోయిన వేసవి మొదట్లో తనకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీసేయడంతో ఎడమ చెయ్యి వాచింది, ఆ వాపు పూర్తిగా తగ్గలేదు. కీమో, రేడియేషన్ ముగిశాయి. క్రిస్మస్ సెలవులయ్యాక సోమవారం నుంచి పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పారట. ఆ సంగతి చెప్పడానికే ఫోన్ చేసింది. చివర్లో మాత్రం, "వెళ్ళనేమోనే. నా కోటు నాకు పట్టట్లేదు," అంది. ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అని నేను అనలేదు. ఆ గొంతు విన్నాక అనబుద్ధి కాలేదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో నా ఆఫీసుకి శుక్రవారం, సోమవారం సెలవు పెట్టి టికెట్ బుక్ చేశాను.

డాలస్ నుంచి ఓహేర్ విమానాశ్రయానికి రెండున్నర గంటల ప్రయాణం. చలికాలంలో వెళ్ళేవాళ్ళు పొద్దున బయల్దేరే విమానమే చూసుకోండి. మంచు పడితే ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని సాయంత్రం విమానాల మీద పడతాయి. ఓహేర్ నుంచి షామ్‌బర్గ్‌కి కారులో అరగంట పైన పడుతుంది. నేను టాక్సీ ఎక్కాను, యాభై డాలర్ల పైచిలుకు అయింది. డ్రైవర్ నెరిసిన గడ్డం పెద్దాయన. అద్దంలోంచి నా జాకెట్ చూసి, "దక్షిణాది నుంచి వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. టెక్సాస్ నుంచి అన్నాను. "ఇక్కడ చంపేది చలి కాదమ్మా, గాలి. గాలి దూరే కోటు ఎంత మందంగా ఉన్నా దండగే," అన్నాడు. మా అక్కకి కోటు కొనడానికే వచ్చానని చెప్పాను. "మోకాళ్ళు దాటేది కొనండి," అన్నాడు.

అక్క తలుపు తీసింది. ఇంట్లోనే బావ జాకెట్ వేసుకుని ఉంది. తల మీద జుట్టు వేలెడు పొడవు కూడా లేదు. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కాఫీ తాగాక తన పాత కోటు తెచ్చి చూపించింది. బెల్లం రంగు ఉన్ని కోటు, నడుము దగ్గర బిగుతుగా కుట్టింది, తనకి చాలా ఇష్టమైనది. కుడి చెయ్యి దూర్చింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. "చూశావుగా. బలవంతంగా తొడిగినా ఇక్కడ..." అని ఛాతీ మీద ఎడమవైపు చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ గుడ్డ లోపలికి పోతుందే. అందరి చూపూ అక్కడికే పోతుంది." పదో తరగతి చదివే తన కూతురు శ్రేయ వంటగదిలోంచి నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "పిన్నీ, అమ్మ బయటికి రాదు. గ్రోసరీకి కూడా రాదు. ఓన్లీ హాస్పిటల్. డాడీ జాకెట్ వేసుకుని వెళ్తది, అంతే."

శనివారం ముగ్గురం అక్కడి పెద్ద మాల్‌కి బయల్దేరాం. బావ ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, నేనే డ్రైవ్ చేశాను. మాల్‌లో పార్కింగ్ ఉచితం, కానీ దుకాణం తలుపుకి దగ్గర్లో చోటు దొరకాలంటే తెరిచే వేళకే వెళ్ళాలి. ఆ గాలిలో పార్కింగ్ దాటడమే ఒక ప్రయాణం. మొదట ఉన్ని కోట్లున్న దుకాణానికి వెళ్ళాం, పాతదానిలాంటిదే కావాలంది అక్క. నాలుగైదు వేసి చూసింది. భుజాలకి సరిపోయినదాని చేతులు పట్టలేదు, చేతులు పట్టినదాని భుజాలు కిందికి జారిపోయాయి. చివరిది తొడుక్కోవడానికి ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. నేను తలుపు తట్టాను. లోపల కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఇంటికి పోదామే," అంది. నేను కోటు తీసుకుని హ్యాంగర్‌కి తగిలించాను.

ఇంటికి వెళ్ళేముందు కాస్త తిందామని, దగ్గర్లో ఒక తెలుగువాళ్ళ టిఫిన్ సెంటర్‌లో ఆగాం. పెసరట్టు ఉప్మా పన్నెండు డాలర్లు, ఒక్కటే మనిషికి సరిపోతుంది. అట్లు పోసే ఆవిడ అక్కని గుర్తుపట్టి, గరిటె చేత్తో పట్టుకునే ముందుకు వచ్చింది. "మేడమ్, కనపడి ఎన్నాళ్ళయింది! ఇండియా వెళ్ళొచ్చారా?"

"ఆ, ఇండియా వెళ్ళాను," అంది అక్క, తల మీద టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంటూ.

ఆవిడ వెళ్ళాక శ్రేయ, "అమ్మా, వై? ఎందుకు అబద్ధం చెప్పావ్?" అంది.

"చెబితే ఆవిడ మొహం మారిపోద్దిరా. ప్రతివాళ్ళ మొహం మారడం నేను చూడలేను," అంది అక్క. సోమవారం పనికి వెళ్ళకూడదని తను నిర్ణయం తీసేసుకుందనే అనుకున్నాను.

మళ్ళీ కారెక్కాక శ్రేయే అంది, ఇంకొక్క షాప్ చూద్దామని. ఈసారి వెళ్ళినది ఈకలు నింపిన కోట్లున్న దుకాణం. ఇలాంటివి బరువు ఉండవు, కానీ గాలిని ఆపుతాయి. తడిస్తే మాత్రం ఈకలు ఉండలు కట్టి వేడి పోతుంది, కాబట్టి పైగుడ్డ నీళ్ళు పీల్చనిదై ఉండాలి. అక్కకి ఇంకో చిక్కు వచ్చిపడింది. బాగా వెచ్చటి కోట్లన్నిటికీ మణికట్టు దగ్గర లోపల అల్లిక పట్టీ ఉంటుంది, గాలి దూరకుండా. ఆ పట్టీ వాచిన చేతిని నొక్కేస్తుంది. దుకాణంలో పనిచేసే ఆవిడకి నేను సంగతి చెబితే, చాలా మర్యాదగా విని, పెద్ద సైజు నల్ల కోట్లు మూడు తెచ్చింది. నేనూ రెండు తీశాను, అవీ నల్లవే, వదులువే. శ్రేయ తెచ్చింది ముదురు బూడిద రంగుది. అన్నీ అక్క ముందు పెట్టాం. తను వాటిని చూసింది, మా ముగ్గురినీ చూసింది.

"అన్నీ నల్లవే. అన్నీ సంచులే," అంది. "నన్ను దాచడానికి తెచ్చారా?"

నేను నల్ల కోట్లు పక్కకి జరిపాను.

"నాకు చలి వేస్తోంది. చలి ఆగడానికి కోటు కావాలన్నాను, అంతే గానీ దాక్కోవడానికి ఏదైనా ఇవ్వమని అడగలేదు." అక్క గొంతు పెద్దదైంది, పక్కన బట్టలు చూస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. అక్క పట్టించుకోలేదు. తనే లేచి వెళ్ళి వరసల మధ్య చాలాసేపు తిరిగింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కుంకుమ రంగు కోటు ఉంది.

అది మోకాళ్ళు దాటి ఉంది. చేతులు వెడల్పు, మణికట్టు దగ్గర అల్లిక లేదు, కావలసినంత బిగించుకునే పట్టీ మాత్రం ఉంది. లావుపాటి ఉబ్బులు లేకుండా, సన్నటి కుట్లు ఏటవాలుగా నడుము వైపుకి దిగాయి, అందుకే మనిషి గుండ్రంగా కనపడదు. అక్క టోపీ తీసేసింది. ఎడమ చెయ్యి ముందు దూర్చింది, ఆగకుండా పోయింది. జిప్పు గొంతు దాకా లాగి అద్దం ముందు నిలబడింది. ఎడమవైపు కాస్త చదునుగా ఉంది. అది మాకు కనిపించింది, తనకీ కనిపించింది. సర్దుకోలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పక్కకి తిరిగి చూసుకుంది.

"హౌ డు ఐ లుక్, శ్రేయా?"

శ్రేయ ఏడుస్తూనే, "యూ లుక్ లైక్ అమ్మా," అంది.

జనవరి తగ్గింపు పోను రెండు వందల ముప్పై డాలర్లు అయింది. నేను కార్డు తీస్తే అక్క నా చెయ్యి పక్కకి నెట్టింది.

సోమవారం పొద్దున స్కూల్ దగ్గర నేనే దింపాను. నా విమానం మధ్యాహ్నం కాబట్టి, తొందర లేక వీధికి అటువైపు కారు ఆపి చూస్తూ కూర్చున్నాను. మంచు కుప్పల మధ్య కార్లు వరసగా వస్తున్నాయి. అక్క తలుపులు తీస్తోంది, కుడి చేత్తోనే. ఒక చిన్నపిల్ల దిగి లోపలికి పోకుండా అక్కడే నిలబడి ఏదో అడిగింది. అక్క మోకాళ్ళు వంచి ఏదో చెప్పింది. ఆ పిల్ల అక్క కోటు చెయ్యి ఒకసారి నిమిరి, లోపలికి పరిగెత్తింది. బ్రేక్‌లో అక్క ఫోన్ చేసింది. ఆ పిల్లకి ఏం చెప్పావని అడిగాను. "ఎక్కడికి వెళ్ళావంది. జబ్బు చేసింది, చాలా పెద్ద జబ్బు, ఇప్పుడు వచ్చేశాను అన్నాను. నీ కోటు మెత్తగా ఉంది అందే," అని నవ్వింది. ఏడుపులాంటి నవ్వు. ఆ పిల్ల మొహం మారలేదట.

తిరుగు విమానంలో ఆలోచించాను. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మేమందరం అక్కతో, ప్రాణం దక్కింది, అదే చాలు అంటూ వచ్చాం. బతికినందుకు తను మాకు కృతజ్ఞతగా ఉండాలన్నట్టు, ఇంక అందం ఊసెత్తకూడదన్నట్టు. అద్దంలో బాగుండాలని కోరుకోవడం చిన్న విషయమని ఎవరు చెప్పారో తెలియదు. బతుకు మీద ఆశ ఉన్న మనిషే అద్దం చూసుకుంటుంది. అక్కకి వచ్చే నెలలో మళ్ళీ స్కాన్ ఉంది. అందులో ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. ఈలోగా పొద్దున్నే పిల్లల్ని లోపలికి పంపే పని ఉంది, ఆ పని తను చేస్తోంది.

మీరూ ఇలా ఎవరికైనా తోడుగా కోటు కొనడానికి వెళ్తుంటే ఒక సూచన. లోపల రోజూ ఏం వేసుకుంటారో అదే వేసుకుని, వాచిన లేదా నొప్పి ఉన్న చేతిని ముందు తొడిగి చూడమనండి. జిప్పు పూర్తిగా వేసి కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి చూడాలి, ఎక్కడా నొక్కకూడదు. అయితే ఇదంతా తర్వాత. మీరు ఒక్క కోటైనా చేతిలోకి తీసేముందు, ఏ రంగు కావాలో వాళ్ళనే అడగండి.