వెర్నా పేల్చిన అయిదు గుండ్లు

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో వెర్నా స్కిడ్మోర్ తన మొగుడు హార్లన్ తుపాకీకి చెయ్యని సేవ లేదు, పేల్చడం ఒక్కటి తప్ప. గొట్టం మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ అది. పొయ్యి మీద సీసం కరిగించి గుండ్లు పోసింది ఆవిడే. గుండు చుట్టూ చుట్టడానికి పాత పరుపు గుడ్డ ముక్కలు కత్తిరించి కొవ్వు పట్టించింది ఆవిడే. హార్లన్ గురి పందెం నుంచి రాగానే మరిగే నీళ్ళతో గొట్టం కడిగి నూనె పూసిందీ ఆవిడే. పెళ్ళైన కొత్తలో ఒకసారి "నేనూ ఒక గుండు పేల్చి చూడనా?" అని అడిగితే హార్లన్ నలుగురిలో పగలబడి నవ్వాడు. "నువ్వు పేలిస్తే జింక కాదే, మన ఆవు చస్తుంది" అన్నాడు. ఆ మాట లారెల్ ఫోర్క్ కొండల్లో ఏళ్ళ తరబడి తిరిగింది. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఆవిడ యాభై ఏడో ఏట హార్లన్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఇక పొద్దుటి పూట బడి వంటగదిలో పని, తర్వాత ఇంట్లో మొగుడికి తినిపించడం, ఒళ్ళు కడగడం. శనివారం మాత్రం మరిది డోర్సీ భార్య వచ్చి మూడు గంటలు కూర్చునేది, వెర్నా సరుకులు తెచ్చుకోవడానికి. ఏప్రిల్‌లో ఒక శనివారం వెర్నా సరుకులకు వెళ్ళలేదు. గోడ మీది తుపాకీ దించి, దుప్పట్లో చుట్టింది. కుర్చీలోంచి హార్లన్ ఏదో అరిచాడు. ఆవిడకు అర్థమైంది, అయినా ఆగలేదు.

నేరుగా థర్మన్ కోగర్ పొలానికి వెళ్ళింది. డెబ్బై ఎనిమిదేళ్ళ థర్మన్ ఒకప్పుడు హార్లన్‌కు కూడా గురి నేర్పినవాడు.

"హార్లన్‌కి తెలుసా?" అన్నాడు.

"చూస్తుండగానే తెచ్చాను."

"అయితే సరే. పోయేలోపు నేనూ ఒక తమాషా చూడాలిగా."

మొదటి రోజు పది గుండ్లు పేలిస్తే రెండే గురి కాగితానికి తగిలాయి. థర్మన్ మందు పోయనివ్వకుండా, మందుకి నిప్పంటించే చిన్న రాగి క్యాప్ ఒక్కటే పెట్టి ఇరవైసార్లు పేల్పించాడు.

"చప్పుడు రాకముందే కళ్ళు మూస్తున్నావ్ అమ్మాయ్. ముద్దు పెట్టించుకునేటప్పుడు మూసుకో, ఇక్కడ కాదు."

"ముద్దులా! అవెలా ఉంటాయో మర్చిపోయి చాలాకాలమైంది" అంది వెర్నా.

ప్రతి శనివారం వెళ్ళింది. గుండు ప్రతిసారీ ఒకే లోతుకు, ఒకే బలంతో దిగాలని కూరే కడ్డీ మీద కత్తితో గీత పెట్టుకుంది. గుండుకీ గుండుకీ మధ్య తడిగుడ్డతో గొట్టం తుడవడం, పేలాక పొగ విడేదాకా చెంప తుపాకీ మీంచి తియ్యకపోవడం అలవాటు చేసుకుంది. చెయ్యి నిలిచింది, కళ్ళు నిలిచాయి. అయినా గుండ్లు చెల్లాచెదురుగానే పడుతున్నాయి.

జూన్‌లో ఒకరోజు థర్మన్ ఎదురుగా గడ్డిలో పడ్డ గుడ్డముక్కలు ఏరుకు రమ్మన్నాడు. అన్నీ కాలి, చిరిగి ఉన్నాయి.

"మందెంత పోస్తున్నావ్?"

"ఎనభై గ్రెయిన్ల ఎత్తు. హార్లన్ కొలత."

"మందెక్కువైతే గుడ్డ కాలి గుండుకి పట్టు పోతుంది. వాడికి చప్పుడు పెద్దగా రావాలి. దానికోసం ముప్ఫై ఏళ్ళూ గుండుని దాని దారిన పోనిచ్చాడు. చెప్తే విన్నాడా?"

అయిదేసి తగ్గిస్తూ పోయారు. అరవై అయిదు దగ్గర గుడ్డముక్క చిరగకుండా బయటపడింది. యాభై గజాల దూరంలో మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. థర్మన్ టోపీ తీసి ఊపాడు. వెర్నా మాత్రం డబ్బాలోంచి ఒక గుండు తీసి అరచేతిలో తిప్పి చూసింది. పందెంలో ఓడిన ప్రతి ఏడూ హార్లన్ ఆవిడనే తిట్టాడు, గుండ్లు సరిగ్గా పోయలేదని. ఒక ఏడు గుండ్ల డబ్బా పెరట్లో మంచులోకి విసిరికొట్టి, ఒక్కొక్కటే ఏరించాడు. ఏరి, మళ్ళీ కరిగించి, మళ్ళీ పోసింది.

అక్టోబరు పందేనికి పదిహేనుమంది మగవాళ్ళు, ఆవిడ. "వెర్నా, ఆవుని కట్టేసే వచ్చావా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆవిడ అయిదు గుండ్లు పేల్చింది. అయిదూ నల్లచుక్కలోనే. మొదటి బహుమతి చేతికిస్తూ పెద్దమనిషి ఒకాయన, "హార్లన్ తుపాకీ మరి! దానికి దారి తెలుసు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

అయిదు చిల్లులూ ఉన్న ఆ గురి కాగితం తెచ్చి హార్లన్ ఒళ్ళో పెట్టింది.

"చూడు. అరవై అయిదే పోశాను. నా గుండ్లలో ఏ లోపమూ లేదు హార్లన్. ఎప్పుడూ లేదు."

అతను ఎడమచేత్తో కాగితం కిందికి తోసేశాడు.

మంగళవారం ఆవిడ బడి నుంచి వచ్చేసరికి గోడ మీద తుపాకీ లేదు. డోర్సీ కొడుకు రాయిస్ వచ్చి పట్టుకుపోయాడట. నలభై ఏళ్ళవాడు.

"ఎవరిమ్మన్నారు?" అంది.

"నేనే... మగాడి చేతిలో... ఉండాలి" అన్నాడు హార్లన్. నెల రోజులుగా అంత పొడుగు మాట అతని నోట రాలేదు.

ఆ పూట కూడా సూప్ చల్లార్చి తినిపించింది. చెంచా పళ్ళకు కాస్త గట్టిగా తగిలింది. తగలనిచ్చింది.

తోటికోడలు శనివారాలు రావడం మానేసింది. థర్మన్ తన తుపాకీ ఇస్తానని కబురు పెట్టాడు గానీ, బడి పని కోసం తప్పక ఒంటరిగా వదిలే మొగుణ్ణి గురి కోసం కూడా ఎలా వదిలి వెళుతుంది?

వసంతంలో రాయిస్ వచ్చాడు.

"పెద్దమ్మా, గుండు ఎటు పోతోందో అంతు చిక్కట్లేదు. నువ్వెంత పోసేదానివి?"

"తుపాకీ ఇచ్చింది మీ పెదనాన్న. ఆయన్నే అడుగు."

రాయిస్ వంగి హార్లన్ నోటి దగ్గర చెవి పెట్టాడు. "ఎన... భై" అన్నాడు హార్లన్.

"విన్నావుగా" అంది వెర్నా, పళ్ళేలు తుడుస్తూనే.

ఆ అక్టోబరులో రాయిస్ అయిదింట ఒక్కటే కొట్టాడని తెలిసి కాసేపు హాయిగా అనిపించింది. ఆ హాయి వంట అయ్యేదాకా కూడా నిలవలేదు. మరుసటేడు థర్మన్ పోయాడు. హార్లన్ ఇంకో ఆరేళ్ళు బతికాడు. అన్నాళ్ళూ ఆవిడే తినిపించింది, ఆవిడే కడిగింది. తుపాకీ మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.