నరకంలో సప్లిమెంటరీ

ఎవరేం చెప్పినా "ఎలాగ?" అని అడగందే లెక్కల టీచరమ్మకు తిన్నది అరగదు. రిటైరై ఏళ్ళు గడిచినా ఆ రోగం కుదరలేదు. డాక్టరు మందు రాస్తే ఎలాగ, కూరలమ్మే మనిషి బెండకాయలు లేతవంటే ఎలాగ. ఇంట్లోనైతే కోడలు ఎలాగో వేగేది. టైర్ల షాపు మేడమీద జరిగే బైబిలు తరగతిలోనే ఆమెకు ప్రాణసంకటం. అత్తగారి పక్క కుర్చీ తనదే మరి.

అక్కడి బోధకుడు సామాన్యుడు కాడు. పరలోకానికి ఎవరో, నరకానికి ఎవరో తెల్లబోర్డు మీద గీతలు గీసి మరీ పంచిపెట్టేవాడు. నరకానికి ఎర్ర మార్కరు. పాపం, అదే ముందు అయిపోయేది. తనను సంప్రదించకుండా దేవుడు తీర్పు చెప్పడని ఆయన ధీమా.

"అయ్యగారూ, బతికిందేమో డెబ్భై ఏళ్ళు. కాల్చేదేమో ఎల్లకాలం. ఎలాగ?" అంది టీచరమ్మ ఒకసారి.

"పాపం అంత పెద్దదమ్మగారూ!"

"మరి కృప చిన్నదా?"

ఆయన దగ్గాడు.

"పోనీ, సప్లిమెంటరీ ఉందా? మా బళ్ళో మొద్దు వెధవలక్కూడా ఉండేది."

"చచ్చాక అవకాశం లేదు!"

"అబ్బో! మీరు చెప్పే దేవుడి కంటే మా హెడ్మాస్టరే నయం."

వెనక వరుసలో కిసుక్కుమన్నారు. కోడలు మాత్రం తలెత్తలేదు.

ఆమె తండ్రి పోయి నెలైంది. ఆయన బాప్తిస్మం పొందలేదు, మందిరం గడప తొక్కలేదు. ఆదరణ కూటానికి వచ్చిన బోధకుడు, ఓదార్చడం మానేసి, "రక్షణ లేకుండా పోయాడు. నిత్యనరకమే, ఏం చేస్తాం!" అని నిట్టూర్చి, రెండు కప్పుల టీ తాగి చక్కా పోయాడు. మహానుభావుడు! ఆ మాట కోడలి గుండెల్లో ముల్లులా దిగింది. నాన్న కాలిపోతున్నాడా? పైకి అడిగితే అవిశ్వాసమంటారేమోనని భయపడి, వంటింట్లో ఒక్కతే ఏడ్చేది.

ఆ ఆదివారం టీచరమ్మ మళ్ళీ లేచింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి" అని కోడలు కొంగు పట్టి లాగింది.

"ఉండవే! అయ్యగారూ, ప్రభువు పక్క సిలువ మీంచి తిన్నగా పరలోకానికి పోయిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు?"

"అది... ప్రత్యేక సందర్భం."

"వాడు చివరి ఘడియలో ప్రభువుతో అన్న మాట పక్కవాళ్ళు విన్నారు. మా వియ్యంకుడు చివరి ఘడియలో మనసులో ఏమనుకున్నాడో మీరు విన్నారా?"

"లేదు గానీ..."

"వినకుండానే నరకమన్నారా? ఎలాగ?"

కింద ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. బోధకుడు అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరూ ఆదుకోలేదు.

"నాకు... తెలియదమ్మగారూ."

"కాస్త గట్టిగా. మా కోడలికి వినబడాలి."

"నాకు తెలియదు!"

టీచరమ్మ తృప్తిగా కూర్చుంది. కోడలు పట్టుకున్న కొంగు వదలలేదు, దాంతోనే కళ్ళు తుడుచుకుంది.

మెట్లు దిగుతూ, "నేను ఏడవడం మీరు చూశారా?" అని అడిగింది.

"నెలరోజులుగా ఉప్పు లేని కూర తింటున్నాను. ఆమాత్రం తెలియదుటే?"

"మరి నాన్న ఎక్కడున్నాడంటారు అత్తయ్యా?"

"నాకూ తెలియదు. కానీ దేవుడు లేడని మీ పెళ్ళినాటి నుంచీ నాతో ఒకటే వాదన ఆయనది. ఈపాటికి కళ్ళారా చూసే ఉంటాడు. నేను వెళ్ళి, 'ఓడిపోయాను చెల్లెమ్మా' అని అన్నయ్యగారి నోటితోనే అనిపించాలి. అందాకా ఆయన్ని అక్కణ్ణించి ఎవరూ కదపడానికి వీల్లేదని దేవుడికి గట్టిగా చెప్పుకున్నాను!"

కోడలు పక్కున నవ్వింది.