రంగారావు గారి చేలో కోత మిషను

గుడివాడ నుంచి పెదపారుపూడి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, కోతల రోజుల్లో ఒక వాసన లోపలికి వస్తుంది. పచ్చి వరిగడ్డి, తడి బురద, వాటి మీద డీజిలు పొగ. తోటి టీచర్లు ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం కిటికీ ఇంకాస్త తెరుస్తాను. ఐదో తరగతి చదివే రోజుల్లో, చేలల్లోకి బళ్లు దిగే పుంత దారి మీద అమ్మ పక్కన నేల మీద కూర్చున్న పొద్దు గుర్తొస్తుంది.

మా అమ్మ మరియమ్మ కోతల ముఠాకి పెద్ద. అమ్మతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు. నాకు చలికాలమంటే తెల్లారకముందే ఉడికే అన్నం వాసన, చద్దన్నంలోకి నిప్పుల మీద కాల్చిన ఎండుచేప, మంచులో గట్టు మీద ఒకరి వెనక ఒకరుగా కదిలిపోయే చీరల వరుస, సాయంత్రం కోసిన మళ్లలో మేం పిల్లలం ఏరుకునే పరిగె, ఆ రాలిన వెన్నులు ఇచ్చి కొట్లో తెచ్చుకునే జీళ్లు, చర్చి మీదకి ఎక్కించే రంగుకాగితం నక్షత్రం. క్రిస్మస్ బట్టలూ ఏడాది తిండిగింజలూ ఆ నెల రోజుల కోతల్లోంచే రావాలి.

రంగారావు గారు నాలుగెకరాలు కౌలుకి చేసేవారు. ఏటా ఆయన చేను అమ్మ ముఠాయే కోసేది. ఆ ఏడు కూడా అలవాటు ప్రకారం, కోతకి నాలుగు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే ఆయన రెండో పంటకి మినుములు చల్లారు. అవి మొలకెత్తుతుండగా రేడియోలో తుపాను కబురు వచ్చింది. ఆ రాత్రి గాలికి పల్లంలోని రెండెకరాల వరి పూర్తిగా పడిపోయింది. పొద్దున్నే లారీ మీంచి కోత మిషను దిగింది. మా ఊళ్లోకి రావడం అదే మొదలు. అది చేలోకి వెళ్లకుండా పద్నాలుగు మందీ పుంతకి అడ్డంగా కూర్చున్నారు. తుపానని బడి లేదు, అమ్మ పక్కన నేనూ కూర్చున్నాను.

"లేవండమ్మా," అన్నారు రంగారావు గారు. "రేపు మధ్యాహ్నానికి వాన దిగుతదంట. మీరెంత కోసినా ఈలోగా నాలుగెకరాలూ తెమలదు కదా."

"తెమలదండి. మాకూ తెలుసండి," అంది అమ్మ. "ఇయ్యాల ఇది చేలో దిగితే, వచ్చే ఏడు మమ్మల్ని పిలుస్తారా అండి?"

ఆయన ఆకాశం వైపు చూశారు. తూర్పున మబ్బు నల్లగా పేరుకుంటోంది. మా భాష రాని డ్రైవరు ఏమనుకున్నాడో, ఇంజను వేసి ముందుకి కదిలించాడు. నా కింద నేల అదిరింది. పక్కనే ఉన్న సుందరమ్మ పిన్ని, అమ్మ చెల్లెలు, నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్లు దిగబడుతున్నా నేను కదల్లేదు. ఎవరూ కదల్లేదు. మిషను నాలుగు బారల దూరంలోకి వచ్చాక రంగారావు గారు అడ్డం పరిగెత్తి చెయ్యెత్తారు.

ఇంజను ఆగాక అమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్లింది.

"పడిపోయిన వరిని ఇది కొయ్యగలదా అండి?"

ఆయన సైగలతో అడిగితే డ్రైవరు పల్లం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"మెరకలో నిలబడిందాన్ని దీంతో కోయించుకోండి. పల్లం మాకొదిలేయండి. మిషన్ని ఊరికే అటూ ఇటూ తిప్పొద్దనండి, మినుము మొలకలు నలిగిపోతాయి."

"అట్టాగేనమ్మా," అన్నారాయన.

పిన్ని మాత్రం లేవలేదు. "నువ్వే దారిస్తన్నావక్కా. మళ్లీ ఏడు అందరం ఇళ్లల్లో కూర్చోవాలి."

"గింజ నీళ్లలో నానిపోతే ఆయనా తినడు, మనమూ తినం. లేవే," అంది అమ్మ.

మధ్యాహ్నం తిరక్కుండానే మెరక ఖాళీ అయింది. మిషను గొట్టంలోంచి ధాన్యం ధారగా ట్రాక్టరులోకి పడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. తర్వాత పల్లంలో వంగి ఉన్న అమ్మ వీపు కనపడి, సంతోషపడినందుకు సిగ్గేసింది. మర్నాడు వాళ్లు గాలిలో తూలుతూ తడి పనలు కట్టలు కట్టి కాలవగట్టు మీదకి మోశారు. ఆఖరి మడి ఇంకా మిగిలి ఉండగానే వాన అందుకుంది. ఆ ఒక్క మడే మునిగింది.

మరుసటి ఏడు ఊళ్లోకి రెండు మిషన్లు వచ్చాయి. రంగారావు గారు మా గుమ్మం దాకా వచ్చి, "అందరూ మిషనే అంటన్నారు మరియమ్మా, నేనొక్కణ్ణీ ఆగలేను," అని నేల చూస్తూ చెప్పి వెళ్లారు. అమ్మ సరేనండి అంది. పిన్ని నాగాయలంక వైపు రొయ్యలు వలిచే పనికి వెళ్లిపోయింది. ఆ క్రిస్మస్‌కి వచ్చి, చర్చిలో మాకు దూరంగా కూర్చుని, మా ఇంట్లో అన్నం తినకుండానే బస్సెక్కింది. అక్కచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకోవడానికి మూడు క్రిస్మస్‌లు పట్టింది.

ఇప్పుడు నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. యంత్రాలు వచ్చాయి, దిగుబడి పెరిగింది, పొలాల్లోని జనం వేరే పనుల్లోకి మళ్లారు, దేశం ఎదిగింది అని పాఠంలో ఉంటుంది. అందులో అబద్ధం లేదు. ఆ వేరే పనుల్లోకి మళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను, మా పిన్నీ ఉంది. కానీ మా ఊళ్లో ఇప్పుడు కోత ముఠా లేదు. మిషను వెళ్లిన మళ్లలో పరిగె ఏరుకునే పిల్లలూ లేరు.

మొన్న ఆ పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, చేత్తో ఎట్లా కోసేవాళ్లండీ?" అని అడిగింది. చూపిద్దామని, వరి దుబ్బు పట్టుకున్నట్టు ఎడమచెయ్యి గుప్పిట మూసి, కుడిచెయ్యి తిప్పబోయి ఆగిపోయాను. కొడవలి ఎటునుంచి తగిలించాలో, ఎంత కిందికి కొయ్యాలో నాకు తెలియదు. క్లాసంతా నా చేతులకేసి చూస్తోంది.

"నాకు రాదమ్మా," అన్నాను. "మా అమ్మ నా చేతికి ఎప్పుడూ కొడవలి ఇవ్వలేదు."