పసుపు పెట్టిన కార్డు

మా అమ్మ ఏటీఎం కార్డుకు పసుపు పెట్టేది. ఆయుధపూజ రోజు కొడవలి, కుట్టుమిషను, నా బైకు, వాటి పక్కనే కార్డు. ప్లాస్టిక్కుకు పూజేంటని ఎగతాళి చేసేవాణ్ణి. సండూరు రోడ్డులో ఖనిజం లారీ కింద పడి చనిపోయిన మా నాన్నకు బదులుగా వచ్చిన పరిహారం ఆ కార్డు ఖాతాలోనే ఉండేది. అమ్మ అందులోంచి పైసా తీయలేదు. నెలకోసారి ఏటీఎంకు వెళ్లి, డబ్బు అట్లాగే ఉందని చెప్పే చీటీ తెచ్చుకునేది. మాది కన్నడ సీమ కాబట్టి మిషన్‌లో తెలుగు ఉండదు, ఆమెకు చదువూ రాదు. అందుకని వెనక నిలబడ్డవాళ్లకే కార్డిచ్చి, పిన్ నంబరు చెప్పేది.

ఒకసారి వెనక నిలబడ్డవాడు చీటీ సరైనదే ఇచ్చాడు. కార్డే మార్చి ఇచ్చాడు.

అమ్మ ఇంటికి వచ్చీ రాగానే కనిపెట్టింది. "ఈ కార్డుకు పసుపు లేదు చూడప్పా. నాదానికి మూల్లో అంటుకోని ఉండె."

నేను అన్నం తింటూ ఫోన్ చూసుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు. "మిషన్లో గీసుకోని పోయింటాదిలేమ్మా. పసుపు పోతే డబ్బులు పోతాయా ఏంది?" అని నవ్వాను. కార్డు మీద పేరు చదివి ఉంటే సరిపోయేది. చదవడం వచ్చినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

వాడు నాలుగు రోజులు ఏటీఎంలో తీయగలిగినంత తీసి, మిగతాదానికి బంగారం అంగళ్లలో కార్డు గీకాడు. బ్యాంకు మెసేజీలన్నీ, నాన్న ఉన్నప్పుడు ఖాతాకు ఇచ్చిన, ఎప్పుడో ఆగిపోయిన ఆయన నంబరుకు పోయాయి. ఐదో రోజు పాస్‌బుక్కులో ఎంట్రీ వేయిస్తే తెలిసింది.

బ్యాంకు అధికారి కూర్చోమని కూడా అనలేదు. "పిన్ నీవే హేళిద్రా అమ్మా?" అని కన్నడలో అడిగాడు.

"హౌదు సార్, నేనే చెప్పినా. నాకు ఆ బటన్లు వొత్తేకి రాదు కదా," అంది అమ్మ. ఆ మాట చాలు వాళ్లకు. రాసేసుకున్నాడు. కెమెరాలో వాడి ముఖం చూపించమంటే, పోలీసుల దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నాడు. పోలీసులేమో బ్యాంకు దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నారు. మేం తిరుగుతూనే ఉన్నాం.

చివర్లో ఆ అధికారి నావైపు తిరిగి ఇంగ్లీషులో ఒక మాటన్నాడు. మొదటిరోజే ఫోన్ చేసి ఉంటే కార్డు ఆపేసేవాళ్లమని, చాలామటుకు డబ్బు దక్కేదని.

"ఏమంటాండాడప్పా?" అని అమ్మ అడిగింది.

"ఏం లేదులేమ్మా," అన్నాను.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఖాతాదారు అజాగ్రత్త వల్ల జరిగింది కాబట్టి బ్యాంకుకు బాధ్యత లేదట. అమ్మకు చదివి వినిపించాను. "నిజమే గదా, నాదే తప్పు," అంది. ఆ బ్యాంకును ఇప్పటికీ తిట్టుకుంటాను. నన్ను నేను తిట్టుకోవలసి వచ్చినప్పుడల్లా దాన్నే ఇంకాస్త గట్టిగా తిట్టుకుంటాను.

ఈ ఏడు ఆయుధపూజకు అమ్మ కొత్త కార్డుకు పసుపు పెట్టి నా చేతికిచ్చింది.

"నీ దగ్గరే పెట్టుకోప్పా. సదువుకున్నోడివి. ఆ పొద్దు నువ్వు నా వెంట ఉండింటే ఇట్లయ్యేదా?"

తీసుకుని జేబులో పెట్టుకున్నాను.