సుభద్ర చెప్పిన హిందీ వార్తలు

మా చిన్నతనంలో ఢిల్లీ వార్తలు మా ఊరికి ఒక ఆరో తరగతి పిల్ల నోటి నుంచి వచ్చేవి...

తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రపు గాలి తగిలే పల్లె మాది. ఊళ్ళో ఒకటే టీవీ, రైసుమిల్లులో. పనులయ్యాక ఈతచాపలు చంకన పెట్టుకుని అందరం మిల్లు వాకిట్లో చేరేవాళ్ళం. తెలుగు వార్తలు ఆ ఏంటెనాకు అందేవి కావు. వచ్చేది హిందీ. అది పెద్దవాళ్ళెవరికీ రాదు. "మా సుభద్రకు బళ్ళో చెప్తుండారు" అని మా మేనమామ ఒక్క మాట అన్నాడు. అంతే... టీవీ పక్కన వడ్లబస్తా మీద ఆ పిల్లను కూర్చోబెట్టేశారు. నేను ఏడో తరగతి. నా హిందీ మార్కులు ఊరందరికీ తెలుసు కాబట్టి నన్నెవరూ అడగలేదు.

ఆ సుభద్రే ఈ గ్రూపులో మీరంతా "కోవూరు అక్క" అని పిలిచే మనిషి. నాకు మేనమామ కూతురు, తర్వాత భార్య. మొన్న మాఘమాసంలో పోయింది. ఆ సంగతి తెలియక కావచ్చు, అక్క వాదనలో ఓడి పారిపోయిందని ఇక్కడ ఒకాయన రాస్తున్నారు. అది అలా ఉండిపోకూడదు. అందుకే ఇది.

ఆ మిల్లు రోజుల్లో ఒకసారి, తెర మీద ఒక మంత్రి రిబ్బను కత్తిరిస్తున్నాడు. జనంలోంచి ఎవరో అడిగారు.

"ఏమంటుండాడు మే?"

"వంతెన కట్టినారంట. కత్తెర మాత్రం ఢిల్లీ నుంచే తెచ్చుకున్నాడంట. వంతెన సంగతేమో గానీ, కత్తెర మంచిదంట."

వాకిలంతా నవ్వు. ఇంకోరోజు రాకెట్టు చూపించారు. ఆ పొగ పొద్దున మా మిద్దె మీద నుంచి మేమూ చూసిందే. అందరూ ఆమె వైపు తిరిగారు.

"పైన తిరిగే ఆ పెట్టెకు మన మళ్ళల్లో గడ్డి కూడా కనపడతాదంట. కలుపు తీయనోళ్ళ పేర్లు రేపు చదువుతారంట."

మర్నాడు తెల్లారేసరికి నరసయ్య మామ మడిలో వంగి ఉన్నాడు. ఆ మడి వంక అన్నాళ్ళూ చూడని మనిషి...

ఆమె చెప్పేది ఆ హిందీలో ఉన్నది కాదని నాకు అనుమానంగానే ఉండేది. కానీ నోరు తెరుచుకుని వినేవాణ్ణి. తెర మీద కదిలే బొమ్మ ఒకటే, అందరం చూస్తున్నదే. అందులో ఆ పిల్లకు కనపడింది మాకెందుకు కనపడదా అని ఆశ్చర్యం.

తర్వాత ఒక కార్తీకమాసం సాయంత్రం... సముద్రం వైపు నుంచి గాలి మారింది. రేడియో గరగర తప్ప ఏమీ పలకడం లేదు. టీవీలో మాత్రం వణుకుతున్న పటం. దాని మీద సుడి తిరుగుతున్న తెల్లటి మబ్బు. చదివే ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆ రోజు వాకిట్లో చంటిపిల్లలతో సహా ఊరంతా ఉంది. మాలో చాలామందివి పూరిళ్ళు.

"చెప్పమ్మా... మన మీదికేనా? ఇళ్ళు వదలాల్నా, ఉండొచ్చునా?" మిల్లు పెద్దాయన అడిగారు.

సుభద్ర బస్తా మీద నుంచి దిగింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"నాకు హిందీ రాదు పెద్దయ్యా. ఇన్నాళ్ళూ చెప్పిందంతా నేను కల్పించిందే. దీనికి మాత్రం కల్పించలేను. నెల్లూరుకు మనిషిని పంపించి కనుక్కోండి."

మేనమామ తల దించుకున్నాడు. నరసయ్య మామ అడిగాడు.

"అయితే ఆ కలుపు సంగతి?"

"అది ఎట్టయినా తీయాల్సిందే గదా మామా."

భయంలోనే నవ్వారు జనం. మిల్లు గుమస్తా మోటారు సైకిల్ మీద వెళ్ళి కబురు తెచ్చాడు. తుఫాను మా వైపే వస్తోంది. బియ్యం, కుంపట్లు, గొడ్లు, పిల్లలు... అన్నిటితో మిల్లు గోడౌనులోకి మారాం. తెల్లారి చూస్తే ఊళ్ళో ఒక్క పూరింటికీ కప్పు లేదు. మనుషులందరం ఉన్నాం.

అంతమంది తన మాట కోసం కాచుకుని ఉంటే, ఆ వయసులో, రాదని చెప్పడం...

కరెంటు మళ్ళీ వచ్చాక ఊరు మళ్ళీ మిల్లు వాకిట్లో చేరింది. బస్తా వేసి సుభద్రను పిలిచారు. "హిందీ రాకపోతే మానె, నువ్వు చెప్పు మే" అన్నారు. తెలిసి మరీ విన్నారు. ముందుకంటే ఎక్కువ విన్నారు.

తర్వాతిది మీకు తెలిసిందే. పెళ్ళయి కోవూరు వచ్చాం. చేతికి ఫోను వచ్చింది. ఒక నాయకుడు పార్టీ మారితే, "కండువా ఉతుక్కునే తీరిక లేక కొత్తది వేసుకున్నాడు, పాపం" అని ఇక్కడే రాసింది. ఏమడిగినా యంత్రమే జవాబు చెబుతుందని ఒకరు మురిసిపోతే, "మా ఆయన కూడా అంతే. అడిగింది తప్ప అన్నీ చెప్తాడు" అంది. ఆ మాటకు మీరు నవ్విన నవ్వులన్నీ నాకు పక్క గదిలోంచి చదివి వినిపించింది.

ఇక ఆ వాదన. రొయ్యల గుంటల ఉప్పు ఊరి బోర్లలోకి దిగుతోందా లేదా అని. ఇరువైపులా తిట్టుకున్నారు. ఒకాయన ఆమెను నిలదీశారు. ఆమె రాసిన ఆఖరి మాట అక్కడ ఇంకా ఉంది: "నాకు తెలీదు. కనుక్కుని చెప్తాను."

అది ఆసుపత్రి మంచం మీద నుంచి రాసింది. చేతికి సెలైన్ ఉంటే ఫోను నేనే పట్టుకున్నాను. కనుక్కోవడానికి ఆమెకు వ్యవధి లేకపోయింది. అంతే. ఓడిపోలేదు, పారిపోలేదు.

ఇప్పుడు ఏ గ్రూపు చూసినా అందరికీ అన్నీ తెలుసు...

ఆమె మీకిచ్చిన జవాబుల్లో ఏదైనా గుర్తుంటే కింద రాయండి. నన్ను వెక్కిరించినవైనా సరే. నాకు తిరిగి జవాబివ్వడం చేతకాదు. ఇంట్లో చప్పుడు లేదు... అవి పైకి చదువుకుంటాను.