కోనసీమలో చాలంటే ఆగని ప్రోగ్రాం

ఈ ప్రయాణం పెట్టుకోవడానికి కారణం ఒక బీరువా. అందులో ఎనిమిది ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. రావులపాలెం అవతల కాలవ గట్టున ఉన్న ఒక చిన్న బడికి ఎవరో దాతలు వాటిని ఇచ్చి ఆరు నెలలైంది. ఆ బడిలో లెక్కలు చెప్పే సువార్త ఒకప్పుడు విజయవాడ డిగ్రీ కాలేజీలో నా దగ్గర కంప్యూటర్లు చదువుకుంది. బుధవారం ఫోన్ చేసింది.

“మాస్టారూ, శనివారం దాతల తరఫున ఒకాయన వస్తారంటండి. పిల్లలు సొంతంగా ఏదైనా చేసి చూపిస్తే మిషన్లు ఉంచుతారు. లేకపోతే వాడుకునే స్కూలుకి పట్టుకెళ్ళిపోతారంట. మా పిల్లలు ఇంకా వాటి మూత కూడా తెరిచి చూళ్ళేదండి.”

మరి ఆరు నెలలూ ఏం చేశారని అడిగాను. హెడ్మాస్టారు గారు బీరువా తియ్యనివ్వలేదన్న ఒక్క ముక్క చెప్పడానికి సువార్తకు పది నిమిషాలు పట్టింది. ప్రతి వాక్యం చివరా “ఆయన మంచివారేనండి” అని చేరుస్తూ వచ్చింది మరి. రెండు రోజుల్లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం అయ్యే పని కాదని నాకు తెలుసు. అయినా సరేనన్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి “మీరే రావాలి మాస్టారూ” అన్న మాట చెవిన పడితే ఇక వేరే ఏదీ వినిపించదు.

శుక్రవారం పొద్దున్న విజయవాడలో ఆరుంపావు బండి. రిజర్వేషన్ లేనివాళ్ళు అరగంట ముందు వెళ్తే సీటు దొరుకుతుంది. నేను ఐదు నిమిషాల ముందు వెళ్ళి ఏలూరు దాకా నిలబడ్డాను. ఏలూరులో నాకు చోటిచ్చింది అన్నవరం వ్రతానికి వెళ్తున్న ఒక కుటుంబం. వాళ్ళలో పెద్దావిడ నా సంచినీ నన్నూ రెండు మూడుసార్లు చూసి, ఏం పని మీద వెళ్తున్నారండి అని అడిగింది.

“చిన్నపిల్లలకి కోడింగ్ నేర్పడానికండి.”

“అది నేర్చుకుంటే వెంటనే ఉద్యోగం వస్తాదాండి?”

“వాళ్ళకి పదేళ్ళు, పన్నెండేళ్ళేనండి.”

“పోన్లెండి, ముందునుంచీ అలవాటైతే మంచిదే” అని నన్ను క్షమించి, ఒక జంతిక చేతిలో పెట్టింది.

రాజమండ్రిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఆటోలు దొరుకుతాయి. కాంప్లెక్స్ ఎదురుగా పెసరట్టు ఉప్మా తిన్నాను. మీరు వెళ్తే అల్లం పచ్చడి రెండోసారి అడగండి, మొదటిసారి నమూనాకి మాత్రమే వేస్తారు. తొమ్మిది నలభైకి బస్సు. కడియపులంక నర్సరీల దగ్గర ఒకాయన రెండు గులాబీ మొక్కలతో ఎక్కి, వాటిని నా పక్క సీట్లో కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగేసరికి పది యాభై. అక్కడి నుంచి కాలవ గట్టు మీద పదకొండు కిలోమీటర్లు, షేర్ ఆటోలో, అరటిగెలల మధ్య.

“కొంచెం సర్దుకోండి సార్, గెల నలిగిపోద్ది” అన్నాడు ఆటో అతను. నేను నలుగుతున్న సంగతి అతని దృష్టికి తీసుకురావాలనిపించింది గానీ, ఆ గెల నాకంటే బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

ఊరి పేరు మాత్రం చెప్పను. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

బడిలో నాలుగు నుంచి ఏడో తరగతి దాకా ముప్పై నలుగురు పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఉన్నారు. హెడ్మాస్టారు గారు నన్ను సాదరంగా బీరువా దగ్గరికి తీసుకెళ్ళి, తెరిచి చూపించారు. ఎనిమిది ల్యాప్‌టాప్‌లూ ప్లాస్టిక్ కవర్లలో, కుంకుమ బొట్లతో, వరసగా ఉన్నాయి. చూపించడం అవగానే మళ్ళీ తాళం వేశారు.

“వాడితే పాడైపోతాయి కదండి” అన్నారు ఎంతో ప్రేమగా. “రేపు పొద్దున్న తీద్దాం. ఈపూట నోటితో చెప్పెయ్యండి.”

సరే, నోటితోనే మొదలుపెట్టాను. కంప్యూటర్ అంటే చెప్పింది చెప్పినట్టు చేసే మిషన్, దానికి సొంత బుర్ర ఉండదు, మనం ఒక్కో మెట్టూ వరసగా చెప్పాలి అన్నాను. కాసేపు నేనే ఆ మిషన్‌ని. సువార్త ఇంటికొచ్చిన అతిథి. అతిథికి భోజనం ఎలా పెట్టాలో నాకు ఆజ్ఞలు ఇవ్వమన్నాను.

నాలుగో తరగతి పాప లేచి, “మిషన్ గారూ, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళివ్వండి” అంది. మిషన్‌కు గారు, అండి అక్కర్లేదన్నాను. మీరు పెద్దవారు కదండి అంది. ఆ తర్వాత మంచినీళ్ళు, కుర్చీ, ఫ్యాను, ఇంట్లో అందరూ కులాసానా అన్న ప్రశ్న వరసగా వచ్చాయి. ఆకు వెయ్యడానికే పద్నాలుగు మెట్లు పట్టాయి. ఇంత సమగ్రమైన ప్రోగ్రాం నా డిగ్రీ విద్యార్థులు ఎప్పుడూ రాయలేదు.

బొబ్బట్ల దగ్గరికి వచ్చేసరికి ఏడో తరగతి వంశీ రంగంలోకి దిగాడు. వాళ్ళ తాతగారికి ఆ ఊళ్ళో ఇరవై ఎకరాల కొబ్బరితోట. “ఒక బొబ్బట్టు వెయ్యాలండి. చాలంటే ఇంకోటి వెయ్యాలండి” అన్నాడు.

సుద్దముక్క ఒకటి ఆకులో వేశాను. సువార్త చాలంది. ఇంకోటి వేశాను. చాలంది. ఇంకోటి వేశాను. సుద్దముక్కల డబ్బా ఖాళీ అయిపోయింది. చూశారా, ఎక్కడ ఆపాలో మీరు మిషన్‌కి చెప్పలేదు, చాలంటే ఆపెయ్యమని చెప్పాలి అన్నాను. గదంతా ఒక్కసారి గొల్లుమంది. అలా ఆపేస్తే మా నాన్నమ్మ తిడతాదండి అని ఒకరు, చాలంటే చాలని కాదండి అని ఇంకొకరు. మరి ఎప్పుడు ఆపుతారని అడిగాను. ముప్పై నాలుగిళ్ళల్లో రోజూ జరిగే పని, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. సాయంత్రం మీ మీ ఇళ్ళల్లో గమనించి నోటుబుక్కులో రాసుకు రమ్మన్నాను.

నా రాత్రి భోజనం హెడ్మాస్టారి ఇంట్లోనే. ఏడున్నరకు ఆకు ముందు కూర్చునేసరికి అరుగు మీద వంశీ, ఇంకో పిల్లాడు నోటుబుక్కులతో సిద్ధంగా ఉన్నారు. పనసపొట్టు కూర, ములక్కాడ పులుసు, నెయ్యి తొణికే బొబ్బట్లు. నేను చాలన్నప్పుడల్లా అరుగు మీద పెన్సిల్ కదిలేది. “మొహమాటపడకండి అన్నయ్య గారూ” అంటూ హెడ్మాస్టారి భార్య ఇంకోటి వేసేవారు. చెయ్యి అడ్డం పెట్టాను, వేళ్ళ సందులోంచి వేశారు. చివరికి ఆకు మడిచేశాను. అప్పుడు చేతిలో అరటిపండు పెట్టారు.

ఊరి పేరు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది కదా. ఆవిడ ఇది చదివితే మళ్ళీ భోజనానికి పిలుస్తారు.

శనివారం తొమ్మిదింటికి బీరువా తెరుచుకుంది. దాతల మనిషి పదకొండుకు వస్తాడు. రెండు గంటల్లో రంగుల దిమ్మలు ఒకదాని కింద ఒకటి అతికించి ప్రోగ్రాం రాసే పద్ధతి చూపించాను. పిల్లలు నాకంటే వేగంగా అందుకున్నారు. మధ్యలో ఇంటిపని ఫలితాలు అడిగాను. హెడ్మాస్టారి ఇంట్లో తొమ్మిది చాలులు, వంశీ వాళ్ళింట్లో ఆరు, ఇంకోచోట నాలుగు. ఆరో తరగతి భవాని మాత్రం పుస్తకం తెరవలేదు. వాళ్ళ అమ్మ కూలి పనికి వెళ్తుందని సువార్త తర్వాత చెప్పింది.

“మాది సరిగ్గా రాలేదండి” అంది ఆ పిల్ల.

నాకు తొందర. పర్లేదమ్మా అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను.

పదిన్నరకు ప్రోగ్రాం నడిచింది. తెర మీద ఆకు ముందు ఒక బొమ్మ అతిథి, పక్కన గిన్నె, గిన్నె మీద ఎన్ని బొబ్బట్లున్నాయో అంకె, కింద ‘చాలు’ అన్న బటన్. చాలు నొక్కితే ఇంకోటి పడుతుంది, ఆకు నొక్కితే మడత పడి ఆగిపోతుంది. అంతా బాగానే ఉంది గానీ, గిన్నెలో పది బొబ్బట్లు అయిపోయాక కూడా వడ్డన సాగి, అంకె మైనస్ మూడులోకి పోయింది. దీన్ని ఎలా సరిచేస్తారని అడిగాను. వంశీ క్షణం ఆలోచించలేదు. పది తీసేసి వెయ్యి పెట్టాడు. కోనసీమలో తప్ప ఇంకెక్కడా ఈ పరిష్కారం ఎవరికీ తట్టదు. సరిదిద్దుదామనుకునేలోపే బయట కారు ఆగింది.

వచ్చినవాడు పాతికేళ్ళు దాటిన అబ్బాయి, హైదరాబాదు ఉద్యోగి, మర్యాదస్తుడే. మొదటి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చాలు నొక్కాడు. బొబ్బట్టు పడింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది.

“ఇది పనిచేయడం లేదా?”

“పనిచేస్తోందండి, మర్యాద చేస్తోందండి” అన్నాడు వంశీ.

ఆ అబ్బాయి దిమ్మలన్నీ విప్పి చూశాడు. వెయ్యి తీసేసి ఐదు పెట్టి మళ్ళీ నడిపాడు. సున్నా, మైనస్ ఒకటి, మైనస్ రెండు.

“లేనివి కూడా వడ్డిస్తోంది” అన్నాడు, ఈసారి నవ్వకుండా. “మేడం, ఆగాల్సిన చోట ఆగకపోతే అది ప్రోగ్రాం కాదు కదండి. ఇది పిల్లలకి అర్థమయ్యే చేశారా, లేక సార్ చెప్పింది ఎక్కించేశారా?”

సువార్త నా వైపు చూసింది. సమాధానం నాకు తెలుసు, ఒక్క దిమ్మ చాలు. కానీ నేను నోరు విప్పితే అది నా ప్రోగ్రాం అయిపోతుంది, మిషన్లు వెళ్ళిపోతాయి. పిల్లల వైపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే భయం వేసింది.

మూడో బెంచీలోంచి భవాని లేచింది. చేతిలో నోటుబుక్కు.

“మా ఇంట్లో ఆగిందండి” అంది. “నిన్న మావయ్య వచ్చాడండి. చేపల పులుసు. ఒక్కసారే చాలన్నాడు. అమ్మ ఆపేసింది.”

“మళ్ళీ వెయ్యలేదా మీ అమ్మ?” అన్నాడు వంశీ, నిజంగానే ఆశ్చర్యపోయి.

“గిన్నెలో ఇంకొక్క గరిటే ఉంది. అది అమ్మది. మావయ్యకి తెలుసు. అందుకే చాలన్నాడు.”

పొద్దున్న ఆ పిల్ల సరిగ్గా రాలేదన్నది ఈ లెక్కనా అని నాకు సిగ్గేసింది. తొమ్మిది చాలుల మధ్య తన ఒక్క చాలు తప్పనుకుంది. ఆగి అడగాల్సింది నేను.

“నువ్వు మార్చగలవా?” అన్నాడు హైదరాబాదు అబ్బాయి.

వంశీ లేచి తన కుర్చీ ఇచ్చాడు. భవాని ఒక్క వేలితో దిమ్మ లాగింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి అతుక్కుంది. ఐదు పెట్టి నడిపింది. చాలు, చాలు, చాలు, చాలు. నాలుగు బొబ్బట్లు ఆకులో పడ్డాయి. ఐదోసారి నొక్కితే ఏమీ జరగలేదు. గిన్నె మీద ఒకటి అలాగే ఉంది.

“సున్నా దగ్గర కదా ఆగాలి?” అన్నాడతను. “ఒకటి మిగిలిపోయింది చూడు.”

“అది వడ్డించినోళ్ళదండి” అంది భవాని.

ఆ అబ్బాయి ఇంకోసారి చాలు నొక్కి చూశాడు. తర్వాత లేచి, “ఇవి ఇక్కడే ఉంటాయి మేడం” అన్నాడు. హెడ్మాస్టారి వైపు తిరిగి, “బీరువా తాళం మాత్రం మేడం దగ్గర ఉంచండి సార్” అన్నాడు. హెడ్మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, పంచె అంచుతో ఒకసారి తుడిచి, సువార్త చేతిలో పెట్టారు. సువార్త ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి గానీ, ఆ మాట అక్కడ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి రావులపాలెం ఆటో. ఈసారి గెలలు లేవు, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నాలుగింటికల్లా బస్సు రాజమండ్రిలో దింపింది. ఐదున్నర బండిలో కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఎదురు సీట్లో ఒకాయన ఏం పని మీద వచ్చారండి అని అడిగితే, పాఠం చెప్పడానికని చెప్పబోయి, ఎందుకో నోరు రాక, ఊరికే అన్నాను.

మొత్తం మీద, ఈ రెండు రోజుల్లో నేను నేర్పింది తక్కువ. ప్రోగ్రాం ఎక్కడో ఒకచోట ఆగాలని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆగే చోటు ఎప్పుడూ సున్నా అనే రాయించాను. గిన్నె ఖాళీ అయితే వడ్డించిన మనిషి ఏం తింటుందన్న ప్రశ్న ఒక్క పరీక్షలోనూ అడగలేదు. నిడదవోలు దాటుతుండగా ఇంకో సంగతి తట్టింది. మా ఇంట్లో ఆఖరి గరిటె ఎవరిదో నాకు తెలియదు. ఉంటుందో లేదో కూడా తెలియదు. రోజూ చాలనకుండానే తిని లేచిపోతాను.

ఇంటికి ఫోన్ చేశాను.

“నేను వచ్చేసరికి తొమ్మిదవుతుంది. నువ్వు ముందు తినేసెయ్యి” అన్నాను.



“ఏమైందండి?” అంది అవతల మా ఆవిడ, కంగారుగా. “ఒంట్లో బాగానే ఉందా?”