దిష్టి తీసిన మిరపకాయలు

పొద్దున కోడలు ఎండుమిరపకాయలు వేయించింది. ఇల్లంతా దగ్గు. నా చేయి మాత్రం దానంతట అదే కండువాను నోట్లో కుక్కింది. నా ఈడు వాళ్లుంటే వినండి.

నిజాం కాలం. నల్లగొండ పక్క ఊరు మాది. మా చేని మిరపకాయలు రెండు కాల్చి పచ్చిపులుసులో పిసికితే ఇంటిల్లిపాదికీ ముక్కులు కారేవి. రుచి కూడా అంతే, మళ్లీ పోయించుకునేవాళ్లం.

ఊరి దొర గడీలో వెట్టి చేయనని మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఆయన ముఖం మీదే అన్నాడు. మధ్యాహ్నం దొర మనుషులిద్దరు కట్టెలతో ఇంట్లోకి వచ్చారు. బాపు మూలనున్న, జొన్నలు పోసే ఖాళీ గుమ్మిలో దాక్కున్నాడు. వాళ్లు అటే నడుస్తుంటే, బాపును కన్న మా అవ్వ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, పిడికెడు మిరపకాయలు నా తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది.

"ఏంజేస్తున్నవే ముసలిదానా! సంపుతవా?"

"పిలగానికి దిష్టి తీస్తున్న బిడ్డా. ఘాటొస్తే దిష్టి లేనట్టు. జర ఆగుండ్రి, ఇంకో పిడికెడు ఏసి చూస్త."

వేసింది కూడా. అవ్వా నేనూ ఊపిరాడక దగ్గాం. వాళ్లు కళ్లు నలుపుకుంటూ బయటికి ఉరికారు, తిట్టుకుంటూ అట్నుంచి అటే పోయారు. గుమ్మిలోంచి చప్పుడే లేదు.

మూత తీశాం. బాపు నోటినిండా కండువా, కళ్లు ఎర్రటి పండు మిరపకాయలు.

"ఇంకో పిడికెడు ఏస్తే నేనే బయటికొస్తుంటినే అమ్మా."

అవ్వ నవ్వలేదు. కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"నా కొడుకు దగ్గడని ఎరికయ్యే ఏసిన."

అంటూనే లేచి తలుపు గడియ బిగించింది.